తాళం వేసిన రెండో గేటు

గంగాధరరావుగారికి ఏదైనా రెండు ఉండాలి, రెండోది మూసి ఉండాలి. జేబులో రెండు పెన్నులు, ఒకదాని మూతకు రబ్బరు బ్యాండు. ఇంట్లో రెండు గొడుగులు, ఒకటి దారంతో బిగించి. ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టినప్పుడు వెనక ప్రహరీకి స్కూటర్ పట్టేంత గేటు పెట్టించి, గృహప్రవేశం నాడే తాళం వేశారు.

"మూసి పెట్టడానికైతే గేటెందుకండీ? గోడ చాలదూ?" అంది భార్య హనుమాయమ్మ.

"గోడకు తాళంచెవి ఉండదు కదే!"

దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి కొట్టు పైగదిలో ఆయన చెప్పే నెట్‌వర్క్ పాఠంలోనూ ఇదే గోల.

"కంప్యూటర్లను కలిపే స్విచ్చు పెట్టెలు మూడింటిని గుండ్రంగా కలిపామనుకోండి. ఒక కబురు బయల్దేరితే ఇక ఆగదు. తిరిగి తిరిగి, పిల్లల్ని పెట్టి, ఆఫీసు మొత్తాన్ని పడుకోబెడుతుంది. అందుకే స్పానింగ్ ట్రీ అనే పద్ధతి పెట్టాలి. అది ఒక పెద్ద స్విచ్చును ఎన్నుకుని, అదనపు దారి మూస్తుంది. ఉన్న దారి తెగిందా, మూసింది తెరుస్తుంది."

"పెద్దను ఎట్ల ఎన్నుకుంటది సార్?" అంది బ్లెస్సీ.

"అందరికన్నా చిన్న నంబరు దేనికుందో, అదే పెద్ద."

"మా ఇంట్ల గూడ గంతే సార్. అందరికన్న పొట్టి మా అమ్మ!"

రావుగారి వెనక గేటుకు ఆవలి ఇల్లు ఈ బ్లెస్సీ వాళ్ళదే. తండ్రి సుందరయ్యకు తనవైపే వేలాడే ఆ తాళం కంట్లో నలుసు. "సర్కారు బడిల నేల మీద కూసోని చదివిన. మా ఊర్ల మొదటి మెట్రిక్ నేనే. గీ గల్లీకి నల్లా తెచ్చింది నేను, చర్చికి మైకు తెచ్చింది నేను. నా మొకం మీద తాళమేస్తడా గీ ఆంధ్రాయన?" అని రోజూ భార్యకు చెప్పేవాడు. ఎలీశమ్మ నవ్వి ఊరుకునేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. సుందరయ్య పెద్దరికాన గల్లీ మొగదల రోడ్డు మీదే వంటావార్పు. ఆయన గరిటె పట్టి సాంబారు కలుపుతుంటే బ్లెస్సీ స్కూటీ మీద వచ్చింది.

"నాయినా, జర దారియ్యు. పదింటికి చంపాపేట్ల ఉద్యోగం ఇంటర్వ్యూ."

"ఇయ్యాల్నా? చెప్పలేదేంది?"

"వారం సంది చెప్తున్న. నువ్వు నల్లా ముచ్చట చెప్తున్నవ్."

గల్లీకి అడ్డంగా నాలుగు పొయ్యిలు, వాటి మీద కుతకుత ఉడికే గుండిగలు. ఇంకో దారి లేదు. "నువ్వే మూసినవ్, నువ్వే తెరువు పెద్దమనిషీ!" అని జనం ఒకటే నవ్వు.

సుందరయ్య గరిటెతోనే ఇంటికి పరుగెత్తి, రోషం మింగి, గేటు మీద దబదబా కొట్టాడు. "రావుసాబ్! బిడ్డ ఉద్యోగం పోతది. జర తాళం తియ్యుండ్రి!"

"తాళంచెవి మీ ఇంట్లోనే ఉంది కదండీ?" అంది ఆవలి గొంతు నిదానంగా.

"మా ఇంట్ల ఏడిది?"

ఎలీశమ్మ చర్చి క్యాలెండర్ వెనక మేకుకున్న తాళంచెవి తీసి ఇచ్చింది. "గృహప్రవేశం నాడే ఇచ్చిండు సారు. మీది ఒక్కటే దారున్న ఇల్లు, అక్కరకుండనీ అమ్మా అన్నడు. నీకు చెప్పొద్దన్నడు."

గేటు కిర్రుమనలేదు. ఎప్పుడెప్పుడు నూనె వేయిస్తున్నారో! రావుగారి పెరట్లోంచి స్కూటీ అవతలి వీధిలో పడింది.

"నాకెందుకు చెప్పొద్దన్నరు సార్?" అన్నాడు సుందరయ్య.

"చెబితే తెరిచే ఉంచుతారు. రెండు దారులూ తెరిచి ఉంటే మీ నల్లా కథ ఇటు దూరి, అటు వీధి చుట్టి, మళ్ళీ ఇటే వస్తుంది. రెండిళ్ళూ పడుకుంటాయండీ!"

సుందరయ్య తాళం తనే వేసి, చెవి ఇంటి పెద్ద స్విచ్చు ఎలీశమ్మకు అప్పగించాడు.

సాయంత్రం బ్లెస్సీ ఉద్యోగంతో వచ్చింది. రావుగారింటికి రెండు గిన్నెల సాంబారు వెళ్ళింది. రెండోదానికి మూత పెట్టి, రబ్బరు బ్యాండు వేసి మరీ పంపాడు సుందరయ్య.