ఇరీం కిలీం

కిందటి ఎండాకాలం ఫోన్లో వీడియో చూసి ఒక బీజమంత్రం నేర్చుకున్నాను. రాయచోటిలో మా వంటింట్లో రొట్టెలు కాలుస్తూ పైకే జపించేదాన్ని. మా అత్తకు అది నచ్చలేదు. "గురువు ఉపదేశం లేకుండా మంత్రం జపిస్తే పిచ్చి పడ్తాదమ్మీ" అని రోజూ కోప్పడేది.

ఒకరోజు పొద్దున పిండి కలుపుతున్నాను. నా నోరు మూసుకునే ఉంది, అయినా మంత్రం వినిపిస్తోంది! అత్త చెప్పిన పిచ్చి ఇదేనేమోనని హడలిపోయాను. ధైర్యం తెచ్చుకుని పెరట్లోకి తొంగి చూశాను. అత్త చింతపండులో గింజలు తీస్తూ "ఇరీం కిలీం, ఇరీం కిలీం" అంటోంది.

"అట్ల కాదత్తా! హ్రీం, క్లీం అనాల. తప్పు పలికితే శానా ప్రమాదమంట."

"నాకేం గాదులే. నాకు గురువు ఉండాది గదా" అంటూ తాపీగా ఇంకో గింజ తీసింది.

"ఎవరత్తా?"

"నువ్వే గదమ్మీ! దినామూ నీ నోట ఇని నేర్చుకుంటి. తప్పయితే ఆ పాపం నీకే తగుల్తాది."

గురువు లేకుండా నిబ్బరంగా జపించినదాన్ని, గురువునయ్యాక రోజూ ఆ వీడియో పెట్టుకుని పలుకు సరిచూసుకుంటున్నాను. నా శిష్యురాలు మాత్రం ఇప్పటికీ "ఇరీం" అనే అంటోంది.