ఆదివారం కట్టు

మా సంఘంలో ఆడవాళ్లు నోరు విప్పకూడదని ఎవరూ అనలేదు. పాటలు పాడవచ్చు, ఏడుస్తూ ప్రార్థన చేయవచ్చు, చాపలు దులపవచ్చు, పండుగకు గుడి గోడలకు సున్నం వేయవచ్చు. ముందు నిలబడి వాక్యం చదవడం ఒక్కటే మగవాళ్లకు వదిలిపెట్టారు. పాపం, వాళ్లకూ ఏదో ఒక పని ఉండాలి కదా.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. నారాయణఖేడ్‌లో మా వాడ చివరే మా గుడి. చర్చిని మేము గుడి అనే అంటాం. మగవాళ్లు కుడివైపు బెంచీల మీద, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చునేవాళ్లం. మా నాయిన సంఘ పెద్ద. ప్రతి ఆదివారం బల్ల వెనక నిలబడి, పెద్ద వేదగ్రంథం తెరిచి, కళ్లద్దాలు సవరించుకుని చదివేవాడు. కంగ్టి దాకా వెతికినా అంత బాగా చదివే పెద్ద దొరకడని చెప్పుకునేవాళ్లు. ఆయనలో లోపమల్లా ఒక్కటే. ఆయనకు చదువు రాదు.

ఇదేమీ రహస్యం కాదు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఒకరి లోపాలను ఒకరు కప్పాలని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. మగవాళ్ల లోపాల విషయంలో మా సంఘం ఈ ఆజ్ఞను మహా నిష్ఠగా పాటించేది.

అమ్మ మిషన్ బోర్డింగ్‌లో ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. శనివారం సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని, పక్కన పీట మీద గ్రంథం తెరిచి పెట్టుకుని, జొన్న రొట్టెలు చేస్తూ పైకి చదివేది. నాయిన గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినేవాడు. రెండుసార్లు వింటే చాలు, అధ్యాయమంతా ఆయన నోటికి వచ్చేసేది. అమ్మ ఒక మాట చదివి రొట్టె తట్టేది. ఇంకో మాట చదివి పెనం మీద వేసేది. సగం మాటలో తిరగేసేది. పొగ వస్తే ఆగి పొయ్యి ఊదేది. ఆమె ఆగిన చోట్లతో సహా నాయిన పట్టుకునేవాడు. ఆదివారం ఆయన అక్కడక్కడా గంభీరంగా ఆగుతుంటే బెంచీల మీది మగవాళ్లు భక్తితో తలలూపేవాళ్లు. చాపల మీద మా పక్కన కూర్చునే ముసలమ్మ మాత్రం, "ఇగ రొట్టె తిరిగేసింది" అనేది. కాసేపటికి, "గీడ పొగొచ్చింది." మేము కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. తర్వాత ప్రార్థనలో క్షమాపణ అడిగేవాళ్లం. నేను నిజంగానే అడిగేదాన్ని.

అమ్మ మధ్యాహ్నాలు పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేది. నాయిన ఆ బడికి రాలేదు. భార్య ముందు పలక పట్టుకోవడం సంఘ పెద్దకు తగదు. పొయ్యి పక్కన కూర్చుని వినడం వేరే సంగతి. సంఘంలో రెండో పెద్ద మాత్రం వచ్చాడు. గుడి గంట కొట్టే అధికారం ఆయనది కాబట్టి అందరూ గంట పెద్ద అనేవాళ్లు. వేలు పెట్టి కూడబలుక్కుని చదవడం అమ్మ దగ్గరే నేర్చుకున్నాడు. ఆ వేలితో నేరుగా వెళ్లి, సంఘంలో స్త్రీ మౌనంగా ఉండాలన్న అపొస్తలుడి మాట మీద ఆగాడు. ఆ పేజీ దాటి ఆ వేలు మళ్లీ ఎక్కడికీ వెళ్లినట్టు నేను చూడలేదు.

అమ్మకు ఒకే ఒక కోరిక. ఈస్టర్ ఆదివారం నాడు పునరుత్థానం అధ్యాయం తన గొంతుతో తాను చదవాలి. ఒకసారి అడిగింది కూడా. "నీకెందుకు వదినె గా కష్టం? అన్న ఉన్నడు గద" అన్నాడు గంట పెద్ద. ఆడవాళ్ల కష్టం చూసి ఆయన గుండె అలా కరిగిపోయేది.

ఆ అధ్యాయంలో నాయినకు ఒక చిక్కుంది. తెల్లవారక ముందే ఆడవాళ్లు సమాధి దగ్గరికి పోతారు, ప్రభువు లేచాడన్న మాట విని తిరిగొచ్చి చెబుతారు. మగ శిష్యులు ఆ మాటలను పిచ్చి మాటలనుకుని నమ్మరు. ఆ నమ్మని ముక్క ప్రతి ఏడూ నాయిన జ్ఞాపకం నుంచి జారిపోయేది. వేదంలో తాతముత్తాతల పేర్లు వరసగా నలభై ఉన్నా ఒక్కటీ తప్పని జ్ఞాపకం అది.

"గా ముక్క ఎటు పోయిందయ్యా?" అని అడిగేది అమ్మ.

"యాదికి రాలే."

"పోయినేడు గూడ గట్లనే పోయింది."

"జారిపోతే నేనేం జెయ్యాలె?"

నేను పదో తరగతిలో ఉన్న ఏడు, ఈస్టర్ వారంలో అమ్మ కుడి అరచేతి మీద వేడి గంజి పడింది. పాత ధోతి పీలికతో కట్టు కట్టుకుంది. ఆ శనివారం రొట్టెలు నా వంతు. అమ్మ మంచం మీద గ్రంథం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేతిలో పని లేకుండా ఆమె చదవగా వినడం నాకు అదే మొదటిసారి. ఆడవాళ్లు భయంతో తలలు వంచే చోట ఆమె గొంతు నెమ్మదించింది, శిష్యుడు సమాధికి పరుగెత్తే చోట పరుగెత్తింది. వింటూ నేను రొట్టె మాడగొట్టాను. నాయిన మధ్యలో కళ్లు తెరిచాడు.

"గట్ల ఒక్కతీరుగ పోతే ఎట్ల వట్టుకోవాలె? జెర ఆగు."

"ఏడ ఆగాలె?"

"వారం వారం ఆగే కాడ."

"వారం వారం రొట్టె ఆపుతది. నేను గాదు."

మూడుసార్లు చదివించుకున్నాడు. ఇన్నేళ్ల పాత వరస కూడా ఈ కొత్త చదువుతో చెదిరిపోయి, ముక్కలు ముక్కలుగా తప్ప పట్టుకోలేకపోయాడు.

మర్నాడు గుడి నిండిపోయింది. నాయిన మొదలుపెట్టాడు. రాయి దొర్లించి ఉండటం దాకా వచ్చాడు, ఆగాడు. అది రొట్టె తిరగేసినందుకు ఆగడం కాదు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు. గ్రంథం మూస్తే, ఇన్నేళ్లు ఎవరూ అనని మాట ఇక ఎవరో ఒకరు అనక తప్పదు. ఆయన పెద్దరికం ఆ రోజుతో సరి.

గంట పెద్ద లేచాడు. "పానం బాగలేదా అన్నా? నేను జదువుతా తియ్యి."

అప్పుడు చాప మీది నుంచి అమ్మ తర్వాతి మాట చెప్పింది, మెల్లగా. నాయిన దాన్నే గట్టిగా పలికాడు. అమ్మ ఇంకో మాట చెప్పింది. నాయిన పలికాడు. మూడోసారి ఆయన పలకలేదు. ఆమె వైపు చూసి, "గీడికి రా" అన్నాడు.

"గిదేందన్నా?" అన్నాడు గంట పెద్ద. "ఆడమనిషి గాడ నిలబడుడా?"

"నిలబడితే ఏమైతది? నేనే చదివిస్తున్న."

"వాక్యంల ఏమున్నదో యాది లేదా?"

"యాది లేకనే గద పిలుస్తున్న."

పక్కన ముసలమ్మ అమ్మను మోచేత్తో పొడిచింది. "జల్దీ పోవే, మల్ల మనసు మారుతది."

కట్టున్న చేతితో అంత బరువు గ్రంథం పట్టుకోవడం అమ్మ వల్ల కాలేదు. నాయిన రెండు చేతులతో పట్టి నిలబడ్డాడు. అమ్మ చదివింది. ఆడవాళ్లు వచ్చి చెప్పారు, మగవాళ్లు పిచ్చి మాటలనుకున్నారు. అక్కడ ఆగింది. పొయ్యి లేదు, పొగ లేదు. బెంచీల మీది వాళ్లు పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశారు. గ్రంథం పట్టుకున్నాడు కనుక నాయినకు ఎటూ చూసే వీలు లేకపోయింది. చదవడం రాని ఆ పేజీ వైపే చూస్తూ నిలబడ్డాడు. అమ్మ చాలాసేపు ఆగి, మిగిలింది పూర్తి చేసింది.

మధ్యాహ్నం పెద్దలు కూర్చున్నారు. నియమం మార్చేది లేదన్నారు. అయితే చెయ్యి కాలినందువల్ల ఆమె వేరే సేవ ఏదీ చేయలేకపోతోంది కాబట్టి, గాయం మానేదాకా వాక్యం చదవవచ్చు, గ్రంథం మాత్రం పెద్దే పట్టుకోవాలి. కాలిన చేతికీ చదవడానికీ ఉన్న సంబంధం కోసం వేదమంతా మొదటి నుంచి చివరి దాకా ఎన్నోసార్లు చదివాను. ఇంకా దొరకలేదు. లోపం నా విశ్వాసంలోనే ఉండవచ్చు.

స్వస్థతలను నేను నమ్ముతాను, కళ్లారా చూశాను కూడా. అమ్మ చెయ్యి పది రోజుల్లో మానింది. ఆ ఆదివారం ఆమె ఉత్త చేతితో గడప దాటబోతుంటే నాయిన ధోతి పీలిక పట్టుకుని అడ్డం వచ్చాడు.

"చెయ్యి ఇటు తే."

"మానిందయ్యా."

"మానిందని నీకెవరు జెప్పిన్రు?"

కట్టు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పొద్దున అదే వరస. దేవుని కృప వల్ల ఆ గాయం ఎంతకీ మానలేదు.

వానలు పడేసరికి చాపల మీద ఇంకో చేతికి కట్టు కనబడింది. అది గంట పెద్ద కోడలి చెయ్యి. మనూర్ నుంచి వచ్చిన పిల్ల, పదో తరగతి పాసైంది. గంట కొట్టి లోపలికి వస్తూ ఆయన ఆగిపోయాడు.

"ఏమైందే చేతికి?"

"కాలింది మామా" అంది ఆ పిల్ల. "గ్రంథం నువ్వు వట్టుకుంటవా?"