మీటర్ గేజ్ పట్టాల మీద బ్రాడ్ గేజ్ ఇంజిన్

నిన్న మధ్యాహ్నం తళవాయిపురం బస్సులో నిలబడి ఉన్నాను. మదురై ఆసుపత్రి నుంచి అత్త ఫోన్.

"మీ మామ పోయినాడురా."

ఏ స్టాప్‌లో దిగానో ఇప్పటికీ తెలియదు.

జగ్గురాజు మామ. మా అమ్మ తమ్ముడు. స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. మనవాళ్లందరికీ రైలు మామ.

ఆసుపత్రిలో నేను చెప్పని మాట ఒకటి ఉంది. ఇక్కడ చెప్తున్నాను.

మేడ మీద గదిలో మామ మన ఊరి స్టేషన్ మొత్తం బొమ్మగా కట్టుకున్నాడు. చిన్న ప్లాట్‌ఫామ్, గూడ్స్ షెడ్డు, చింతగింజంత పత్తి బేళ్లు. అన్నీ మీటర్ గేజ్ ఆఖరి రోజులవి. స్టీమ్ పోయింది, బ్రాడ్ గేజ్ ఇంకా రాలేదు. అక్కడ నడిచేది YDM-4 డీజిల్ ఒక్కటే. వేరే ఇంజిన్‌కు ఎంట్రీ లేదు.

దానికి వేసిన రంగు తరువాతి కాలానిదని ఒక రిటైర్డ్ డ్రైవర్ అన్నాడు. మామ మూడు నెలలు కూర్చుని గీకి, మళ్ళీ వేశాడు. అంత పిచ్చి.

నా మొదటి జీతంతో చెన్నై నుంచి ఒక బ్రాడ్ గేజ్ డీజిల్ మోడల్ తెచ్చిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శానా బాగుండాదిరా. కానీ ఇది మన ఊరికి ఇంగా రాలేదే."

అద్దాల బీరువాలో పెట్టేశాడు. పన్నెండేళ్లు అక్కడే ఉంది. పైకి నవ్వేవాడిని గానీ నాకు ఒళ్లు మండేది.

పోయిన ఆదివారం వెళ్లేసరికి, మామ ఆ ఇంజిన్ని బయటికి తీసి పట్టాల మీద పెడుతున్నాడు.

నాకెంత సంతోషమో.

అది అక్కడ ఎలా కూర్చుంటుంది? ఆ పట్టాలు ఇరుకు. చక్రాలు బయటికి వచ్చేస్తున్నాయి. మామ తీసి మళ్ళీ పెడతాడు. మళ్ళీ తీస్తాడు.

"పట్టాలు ఎవరో లోపలికి జరిపినారురా," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

నోట్లో వక్క ఉందనుకున్నాను. "ఇన్నాళ్లకు దొరికినావు మామా" అని వీడియో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు.

మామ నవ్వలేదు.

"ఇది ఎప్పుడు వచ్చిందిరా మన ఊరికి?" అని నన్ను అడిగాడు.

అదీ జోకే అనుకున్నాను. నేను మెట్లు దిగుతుంటే పైన ఇంజిన్ పెట్టి తీస్తున్న టక్ టక్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

సోమ, మంగళవారాలు మామూలుగానే ఉన్నాడట. బుధవారం పొద్దున అత్త కాఫీ తీసుకుని పైకి వెళ్తే, కింద పడి ఉన్నాడు.

స్ట్రోక్. ఇంతకు ముందు ఏమైనా తేడా కనిపించిందా అని డాక్టర్ అడిగాడు.

"ఒణ్ణుం ఇల్లె డాక్టర్," అంది అత్త. ఏమీ లేదని.

నేను పక్కనే ఉన్నాను. ఆదివారం సంగతి చెప్పలేదు.

ఈ ఉదయం ఆ వీడియో మళ్ళీ చూశాను. అన్నీ ఎడమ చేత్తోనే చేస్తున్నాడు. కుడి చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు.

ఎన్నడూ ఇంజిన్ తప్పు పెట్టని మనిషి తప్పు పెడితే, నా గిఫ్ట్ ఒప్పుకున్నాడని మురిసిపోయాను. థూ నా బతుకు.

అత్త నిన్నటి నుంచి ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరితోనూ ఒకటే మాట. "నేనే కాఫీ లేటుగా తీసుకుపోయినాను. ముందే పోయింటే బతికుండేవాడు."

అత్తా, నీ తప్పు కాదు. ఆదివారమే మొదలైంది. నేను చూశాను. చూసి నవ్వాను.

మామా, పోయిరా. ఇక ఏ తికమకా లేకుండా నీ మనసు నెమ్మదిగా ఉండాలి.