ఏడో వేలిముద్ర

తినే అన్నం మీద ఒట్టు. ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పడం లేదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి... తర్వాత నవ్వితే మాత్రం ఊరుకోను.

హిందూపురంలో ఒక ఆసుపత్రిలో నాకు పని. షుగర్ రోగుల పాత కార్డులు చూసి, ఎవరు ఏ తేదీన వచ్చారో కంప్యూటర్లో ఎక్కించాలి. ఏదో పరిశోధనకట. వినడానికి సులువే. కానీ కార్డు మీద ఉండేది రోగి వచ్చిన తేదీ కాదు... రమ్మన్న తేదీ! వచ్చారో లేదో తెలియాలంటే కార్డు తిప్పాలి. చదువు రానివాళ్ళయితే, మందులు తీసుకున్నప్పుడల్లా వెనక వేలిముద్ర వేయించేవారు. ముద్ర ఉంటే వచ్చినట్టు. లేకపోతే "రాలేదు" అని కొట్టాలి.

ఆ రోజు మధ్యాహ్నం ఒక కార్డు చేతికొచ్చింది. ఊరు పెనుకొండ. పేరు చూశాను... మా అవ్వ!

నాయనకు అమ్మ. ఎప్పుడూ వక్కాకు నములుతూ, ఒక కాలు ఈడుస్తూ నడిచేది. నన్ను పెంచింది ఆమే. చివరిసారి ఆమెను ఈ ఆసుపత్రికి తీసుకుపోవాల్సింది నేను. ఇంటర్ చదివే రోజులు. పెనుకొండ బస్టాండులో కూచోబెట్టి, "ఇప్పుడే వస్తా అవ్వా" అని క్రికెట్‌కు పోయాను. పోయి మర్చిపోయాను. సిగ్గులేనివాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయన చేతిలో బెల్టు. అవ్వ అడ్డమొచ్చింది.

"వాన్ని కొట్టొద్దప్పా. నేనొక్కదాన్నే పోయొస్తి."

ఆమెకు బస్సు బోర్డు చదవడం కూడా రాదు. నాకోసం అబద్ధమాడిందనుకున్నాను. నెల తిరక్కుండానే పోయింది. మందుల్లేకే పోయిందని... నావల్లే పోయిందని... ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

కార్డు మీద ఏడు తేదీలు. చివరిది ఆ రోజుదే. వెనక్కి తిప్పాను. ముద్రలు ఆరు, అన్నింట్లోనూ అడ్డంగా ఒక గీత. మూడుసార్లు లెక్కపెట్టాను. ఆరే. "రాలేదు" అని కొట్టడానికి చేతులాడలేదు. పక్కన పెట్టేశాను.

మా పని చూసే నసీమా మేడం ధర్మవరం నుంచి వస్తారు. సాయంత్రం రైలుకు పోతూ, "ఈ పొద్దే ముగించు శీనూ, రేపు పంపించల్ల" అన్నారు.

ఎనిమిదయింది. నేనొక్కణ్ణే. అవ్వ కార్డు ఒక్కటే మిగిలింది. ఇక తప్పదని కీబోర్డు మీద వేలు పెట్టాను.

కరెంటు పోయింది.

ఫ్యాను మెల్లమెల్లగా ఆగింది. కిర్... కిర్... ఆ తర్వాత ఏమీ లేదు.

అప్పుడు... టక్.

చిన్న రేకు మూత తెరిచిన శబ్దం. నాకు తెలిసిన శబ్దమే. బల్ల మీద స్టాంపులకు పెట్టుకున్న ఇంకు ప్యాడుది.

వక్కాకు వాసన. చెప్పుల చప్పుడు... ఒక కాలు ఈడుస్తూ... సర్... సర్... నా కుర్చీ వెనక ఆగింది. ఒక మాట చెప్పనా? భయం సగమే. మిగతా సగం ఏడుపు.

"వస్తి కదరా నాయనా..."

అంతే. ఎంత మెల్లగా అనిందో!

కరెంటొచ్చింది. గదిలో ఎవరూ లేరు. ప్యాడు మూత తెరిచి ఉంది. కార్డు బోర్లా ఉంది. ఒకటి... రెండు... మూడు... ఏడు! ఏడో ముద్రలోనూ అడ్డంగా అదే గీత. చిన్నప్పుడు కొడవలికి తెగిన అవ్వ బొటనవేలు అది. తాకి చూశాను. తడిగా తగిలింది... ఇంకు తడో, నా చేతి చెమటో చెప్పలేను.

పొద్దున్నే ఆ కార్డు మేడం చేతిలో పెట్టాను.

"ఏడు తేదీలు, ఏడు ముద్దర్లు. ఇంగేం అనుమానం నీకు?"

"నిన్న ఆరే ఉండె మేడం."

"కండ్లు సరిగ్గా కనపడల్యా ఏమి? కొట్టబ్బా."

మధ్యాహ్నం నేనే సరిగ్గా చూడలేదేమో. అవ్వ ఆ రోజు నిజంగానే ఒక్కతే పోయొచ్చిందేమో. లేకపోతే... నాకోసం ఆడిన అబద్ధాన్ని నిజం చేయడానికి నిన్న రాత్రి వచ్చిందేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఏడో తేదీ ఎదురుగా "వచ్చింది" అని కొట్టాను. ఆ ఒక్క మాటలో మాత్రం అబద్ధం లేదు.