సమ్మన్న బయటికి రాని తోరణం

నిన్న పొద్దున మన టెక్సాస్ కాపెల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్. "సమ్మన్న ఇక లేడు."

ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. మ్యూట్ చేయడం మర్చిపోయి "అబద్ధం" అని గట్టిగా అనేశాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. సమ్మన్న వరంగల్ మనిషి. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వీకెండ్ వస్తే గరాజ్‌లో కట్టెపని. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణాన్ని ప్లైవుడ్, ఫోమ్‌తో ఇక్కడ మళ్ళీ కట్టింది ఆయనే. పదడుగుల ఎత్తు. పైన రెండు హంసలు. మూడేళ్ళు పట్టింది.

దాని ముందు ఫొటో దిగకపోతే మనకి బతుకమ్మ అయినట్టే ఉండదు. ఆయనకి ఆ గోల నచ్చేది కాదు.

"గా తోరణం బ్యాక్‌గ్రౌండ్ కాదు, దర్వాజ" అనేవాడు.

ఆయనకో రూల్ ఉండేది. తోరణంలోంచి లోపలికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ అందులోంచే బయటికి రావాలి. విప్పే ముందు తనే ఆఖరున అవతలికి వెళ్ళి, ఖాళీ గడ్డి వైపు తిరిగి "ఇంకెవలన్న ఉన్నరా?" అని కేకేసి వచ్చేవాడు.

నాకు నవ్వొచ్చేది. కొంచెం ఒళ్ళు జలదరించేది కూడా.

ఎందుకన్నా అని ఒకసారి అడిగాను. చిన్నప్పుడు నానమ్మ కోట చూపించిందట. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, నడుమ ఉండాల్సిన గుడి లేదు.

"గుడి కూలింది బిడ్డా. లోపటికి పోయినోళ్ళు ఏమైండ్రో ఎవలకెరుక" అందట.

పోయిన నెల పార్క్‌లో బతుకమ్మ. వానొచ్చేలా ఉంది, ట్రక్ తిరిగి ఇచ్చేయాలి. తొందరపెట్టింది నేనే. సమ్మన్న అవతల కేకేస్తూ ఉండగానే పైదూలం దించేశాం. స్తంభాలూ తీసేశాం.

తిరిగి చూస్తే స్తంభాలున్న చోట గడ్డి మీద రెండు నలిగిన గుర్తులు. వాటికి అవతలే నిలబడిపోయాడు.

"గిప్పుడు నేనెట్ల రావాలె చెల్లె?"

"నడిచి వచ్చెయ్ అన్నా, టెక్సాస్ అంతా ఓపెనే కదా" అన్నాను. నాది గుంటూరు వెటకారం.

ఆ గుర్తుల మధ్యలోంచి కాకుండా, పక్కనుంచి తిరిగి వచ్చాడు.

నిన్న వదిన చెప్పింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఉన్నా లేనట్టే ఉన్నాడట. పిలిస్తే పలికేవాడు, గొంతు మాత్రం ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుండేదట. అన్నం ముందు కూర్చుని "నేనింక అవతల్నే ఉన్న" అన్నాడట ఒకసారి.

పోయిన ఆదివారం నాకు ఫోన్ చేశాడు. "ఓ గంట రా చెల్లె, పని పడ్డది." ఏం పని అని కూడా అడగలేదు నేను. బిజీ అన్నాను.

నిన్న తెల్లవారుజామున వాళ్ళ బ్యాక్‌యార్డ్‌లో ఆయన గుండె ఆగిపోయింది. రెండు స్తంభాలూ నిలబెట్టి ఉన్నాయి. పైదూలం నేల మీద ఉంది. దాన్ని ఎత్తాలంటే నలుగురు కావాలి.

ఆయన స్తంభాలకి అవతల పడి ఉన్నాడు. తల ఇంటివైపు.

తప్పు నాదే. దిద్దుకుంటానో లేదో తెలియదు కానీ, రేపు పదకొండింటికి ఫ్యునరల్ హోమ్ వాళ్ళు పార్కింగ్‌లో అరగంట ఇచ్చారు. తోరణం నిలబెడుతున్నాం. దూలం ఎత్తడానికి ముగ్గురు రండి, నాలుగోదాన్ని నేనున్నాను. ఆయన్ని అందులోంచే తీసుకొద్దాం.

కేక కూడా నేనే వేస్తాను.

రా సమ్మన్నా. నువ్వు బయటికి వచ్చేదాకా ఈసారి దూలం దించను. వచ్చి నెమ్మదిగా పడుకో.