అయిదేండ్ల పని, ఒక్క డైలాగు

సినిమావాళ్లకు సైన్సు చెప్పేకంటే గోడకు చెప్పుకునుడు నయం. జూబ్లీహిల్స్ ఆఫీసుల కథాచర్చలకు నన్ను పిలిచిండ్రు. హీరో ఫిజిక్స్ సైంటిస్టట, నేను సలహాదారునట. మా అమ్మ యూసుఫ్‌గూడల ముప్పై ఏండ్ల సంది సినిమా బట్టలు కుడుతది. తెర మీద ఒక్కసారన్న ఆమె పేరు పడలే. బిడ్డ పేరు పడతదని మస్తు మురిసింది.

నా పని ఒక రకం స్ఫటికాల మీద. లోపల కరెంటు పారదు, పైపొర మీదనే పారుతది. గట్టి అయస్కాంతం నడుమ, వణికే చలిల పెట్టి కొలిస్తె కరెంటు దారికి అడ్డంగ పుట్టే వోల్టేజీ మెట్లు మెట్లుగ కనబడతది. ఒకటి, రెండు అసొంటి పూర్తి అంకెల కాడి మెట్లకు ఏ ఎలక్ట్రాన్ దారి దానిదే అనుకున్నా లెక్క కుదురుతది. మూడో వంతు కాడి మెట్టు మాత్రం అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటెనే వస్తది. దాన్ని వెతుకుడుకే నా అయిదేండ్లు పోయినయ్, ఇంకా చిక్కలే.

మొదటిరోజు వాళ్ల మొహాలు చూసి, ముందుగాల ఎలక్ట్రాన్లకు ఒకదాని సంగతి ఒకదానికి పట్టదనుకోండ్రి అని మొదలువెట్టిన. క్లాసుల మేమందరం గట్లనే మొదలువెడతం. తర్వాత రెండు గంటలు అసలు సంగతి చెప్పిన. మాటల రచయిత ఫోన్ల రికార్డు చేసుకుంట, తలకాయ ఊపుకుంట కూసున్నడు.

షూటింగ్ అయినంక ఫిల్మ్‌నగర్ల డబ్బింగ్‌కు పోయి చూద్దును గదా, తెర మీద హీరో హీరోయిన్‌తోని అంటున్నడు: “ఎలక్ట్రాన్‌కి పక్క ఎలక్ట్రాన్ పట్టదు. నేనూ అంతే.”

నా ఒళ్లు మండింది. అది తప్పు, మార్చుండ్రి అన్న. షూటింగ్‌ల హీరో పెదాలు ఆ మాటకే కదిలిపోయినయంట, వాటికి అతికే మాటనే పడాలెనంట. అతికే మాట నేనే చెప్తనన్న. రచయిత ఫోను తీసి అందరి ముందట నా గొంతే వినిపించిండు. గా ఒక్క ముక్కనే. మిగతా రెండు గంటలు చెరిపేసిండట, దొంగ సచ్చినోడు.

“మీరన్నదేనండి,” అని నవ్విండు.

“అయితే నా పేరు తీసేయుండ్రి,” అన్న.

నిమిషం గూడ ఆలోచించలే, తీసేసిండ్రు. డైలాగు ఉంచిండ్రు.

అన్నం కాడ అమ్మకు చెప్పిన. వడ్డించేది ఆపి, ఎందుకు తీయించినవని అడిగింది. గా అబద్ధం నా పేరు మీద పోతె నా అయిదేండ్లు నేనే కాదన్నట్టయితదన్న.

“మరి అన్నది నువ్వే గదనే,” అన్నది అమ్మ. “పేరు తీస్తె మాట నీది కాకుండ పోతదా?”

నేను పళ్లెం నెట్టేసి లేచిన.