నేను కొయ్యని తుపాను

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది నేను కువైత్‌లో, దజీజ్‌లోని ఒక ఫ్రేముల వర్క్‌షాపులో హెడ్ ఫ్రేమర్‌ని. చిత్రాల కొలతలు తీసి జాబ్ కార్డు మీద సంతకం చేయడం నా బాధ్యత. ఫ్రేములు తెప్పించే అధికారం మేనేజరు సుబ్బారాయుడిది. ఆయనది రాయచోటి, నాది జగిత్యాల.

ఒక కువైతీ పెద్దావిడ ఇంట్లో పాత తైలవర్ణ చిత్రం కొలవడానికి వెళ్లాను. తుపాను సముద్రం, అడుగున చిన్న పడవ, మిగతాదంతా ఆకాశమే. రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు రొమాంటిక్ చిత్రకారుల్లో ఒకరి శిష్యుడు గీశాడని ఆవిడ హిందీలో చెప్పారు. రొమాంటిక్ అంటే ప్రేమకథలు కావట. ప్రకృతి ముందు మనిషికి కలిగే భయాన్ని, ఆశ్చర్యాన్ని దాచకుండా చూపడమట. ఆ కాలపు కవులూ అదే చేశారట. ఒకప్పుడు ముత్యాల వేటకు సముద్రం మీదికి వెళ్లిన తన తండ్రి దీన్ని చూసి, గీసినవాడు తప్పకుండా తుపానులో పడవెక్కి ఉంటాడన్నారట.

ఇటలీ నుంచి వచ్చిన ఫ్రేము నాలుగంగుళాలు పొట్టిగా ఉంది. మేనేజరు కార్డులో అంకె తప్పు చదివారు.

"పైన ఉండేదంతా పొగే కదప్పా. కోసెయ్. ఆయమ్మకేం తెలుస్తాది?" అన్నారు.

కాన్వాసును చెక్క చట్రానికి మేకులతో బిగిస్తారు. మేకులు తీసి అంచు కోస్తే మళ్లీ అతకదు.

"గది పొగ కాద్సార్. గదే బొమ్మ. నేను కొయ్య."

"కొయ్యకుంటే ఇఖామా రెన్యూవల్ ఉండదు. ఖలాస్!"

"ఖలాసంటే ఖలాసే. కత్తి మాత్రం పెట్ట."

భయం వేయలేదని చెప్పను. ఇఖామా లేకపోతే ఆ దేశంలో ఉండనివ్వరు, అరవైకి దగ్గరపడ్డ ఫ్రేమరుకు దానికి పూచీపడే ఇంకో కఫీల్ దొరకడు. అయినా, కస్టమర్లతో పనివాళ్లు మాట్లాడకూడదన్న నిబంధనను పక్కన పెట్టి, ఆయన ఎదుటే ఆవిడకు ఫోన్ చేశాను.

గంటలో ఆవిడ వచ్చారు. కొలత నేనే తప్పు తీశానని మేనేజరు చెప్పారు. నేను జాబ్ కార్డు ముందుంచాను. ఆవిడ అంకె చదివి, టేపుతో చిత్రాన్ని స్వయంగా కొలిచారు. రెండూ సరిపోయాయి. కొత్త ఫ్రేము వచ్చేదాకా ఆగుతానని, బిగించేది మాత్రం నేనే కావాలని చెప్పి వెళ్లిపోయారు.

ఇఖామా ఆపలేదు గానీ, ఆ ఫ్రేము బిగించాక నన్ను అద్దాలు కోసే సెక్షనుకు మార్చారు. హోదా పోయింది. పదవీ విరమణ దాకా రెండేళ్లు అక్కడే పనిచేశాను. కస్టమరుకు ఫోన్ చేసినందుకు క్షమాపణ రాసిస్తే పాత కుర్చీ ఇస్తామన్నారు. రాయలేదు.

చిత్రానికి ఫ్రేము సరిపోకపోతే మార్చాల్సింది ఫ్రేమునే. ఆ మాట పనివాడే చెప్పాలి, ఎందుకంటే కత్తి ఉండేది అతని చేతిలోనే.